పూలజడ, అద్దం, కెమెరా: వధూచిత్ర చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పెళ్లి ఛాయాచిత్రాల్లో వధువు ఒక్కతే కనిపించే చిత్రానికి ప్రత్యేకమైన చరిత్ర ఉంది. దంపతుల చిత్రం వివాహానికి సాక్ష్యం. బంధువుల సమూహచిత్రం కుటుంబానికి సాక్ష్యం. వధువు ఒంటరి చిత్రం దేనికి సాక్ష్యం అన్న ప్రశ్నతో ఈ పరిశీలన మొదలవుతుంది. 19వ శతాబ్ది అంతఃపుర ఛాయాగ్రహణం, హైదరాబాదు జనానా స్టూడియో, పెళ్లి సంబంధాల కోసం తీయించిన ఫోటో, దక్షిణాది స్టూడియోల్లో స్థిరపడిన పూలజడ ఫోటో, నేటి డిజిటల్ వధూచిత్రం అనే దశల్లో ఈ రూపం ఎలా మారిందో, ప్రతి దశలోనూ ఆ చిత్రాన్ని ఎవరు తీయించారో, ఎవరు చూశారో, ఎవరు దాచుకున్నారో ఇందులో చర్చించడమైంది.

కీలకపదాలు: వధూచిత్రం, జనానా స్టూడియో, పూలజడ, అద్దం, సంబంధం ఫోటో, ఛాయాగ్రహణ చరిత్ర, స్టూడియో నెగటివులు.

1. ఉపోద్ఘాతం

తెలుగు పెళ్లిళ్లలో 'పెళ్లికూతుర్ని చేయడం' అనే వేడుక ఉంది. కన్యకు మంగళస్నానం చేయించి, నలుగు పెట్టి, కాళ్లకు పారాణి రాసి, కల్యాణపు బొట్టు, బుగ్గచుక్క దిద్ది, ముత్తైదువులు ఆమెను పెళ్లికూతుర్ని 'చేస్తారు'. ఆ క్రియాపదం గమనించదగినది. పెళ్లికూతురు అనేది పుట్టుకతో వచ్చిన స్థితి కాదు, పెళ్లి తర్వాత నిలిచేదీ కాదు. నలుగురి చేతులు కలిసి కొద్ది రోజుల కోసం తయారుచేసే రూపం. పదహారురోజుల పండుగ నాటికి ఆమె కోడలవుతుంది. ఇంత తక్కువకాలం ఉండే రూపాన్ని నిలిపి ఉంచాలన్న కోరికకు కెమెరా సరిగ్గా సరిపోయింది.

ఫోటోకు సంబంధించిన తెలుగు నుడికారం కూడా ఆసక్తికరమే. మనం ఫోటో 'తీస్తాం', 'తీయించుకుంటాం', 'దిగుతాం'. తీసేవాడు ఒకడు, తీయించేవారు వేరొకరు, దిగేది ఇంకొకరు. వధూచిత్రం విషయంలో ఈ ముగ్గురూ చాలాకాలం వేర్వేరు వ్యక్తులు. తీసింది స్టూడియో యజమాని, తీయించింది తండ్రి లేదా మేనమామ, దిగింది అమ్మాయి. ఈ మూడు స్థానాల మధ్య వచ్చిన మార్పే వధూచిత్ర చరిత్ర అన్నది ప్రస్తుత వ్యాస ప్రతిపాదన.

ఈ వ్యాసంలో 'వధూచిత్రం' అన్న మాటను వధువు ఒక్కతే ఉన్న ఛాయాచిత్రం అన్న అర్థంలోనే వాడడమైంది. దంపతుల చిత్రాలు, సమూహచిత్రాలు పోలిక కోసం మాత్రమే ప్రస్తావనకు వస్తాయి.

2. అంతఃపురం, పరదా, తొలి కెమెరాలు

1839లో యూరప్‌లో వెల్లడైన ఛాయాగ్రహణ ప్రక్రియ ఆ మరుసటి ఏటికే కలకత్తా చేరింది. 1854లో బొంబాయిలోను, 1856లో కలకత్తా, మద్రాసుల్లోను ఫోటోగ్రాఫిక్ సొసైటీలు ఏర్పడ్డాయి. వాటి సభ్యుల దృష్టి ప్రధానంగా కట్టడాల మీద, ప్రకృతి దృశ్యాల మీద, కులాలనూ తెగలనూ నమూనాలుగా నమోదు చేయడం మీద ఉండేది. ఆ నమూనా చిత్రాల్లో స్త్రీలు కనిపిస్తారు, కాని వారికి పేరు ఉండదు. 'ఫలానా కులపు స్త్రీ' అన్న శీర్షికే ఉంటుంది. తనకోసం లేదా తన కుటుంబం కోసం దిగిన స్త్రీచిత్రం ఇందుకు పూర్తిగా భిన్నమైనది.

ఆ దిశలో తొలి అడుగులు రాచనగళ్లలో పడ్డాయి. జయపూర్ పాలకుడు రెండవ సవాయి రాంసింగ్ (పాలనాకాలం 1835–1880) స్వయంగా ఛాయాగ్రాహకుడు. 1860ల ప్రాంతంలో ఆయన తన జనానాలోని స్త్రీలను తీసిన చిత్రాలకు చెందిన గాజుపలకలు జయపూర్ రాజప్రాసాదంలో మిగిలి ఉన్నాయి. తివాసీ, కుర్చీ, చిత్రించిన తెర వంటి యూరోపియన్ స్టూడియో సరంజామా మధ్య పరదాలో ఉండే స్త్రీలు ఒంటరిగా కూర్చుని నేరుగా కటకం వైపు చూస్తారు. అక్కడ తీసినవాడు, తీయించినవాడు, దాచుకున్నవాడు ఒకడే. కాబట్టి పరదా నియమం భంగపడలేదు. చిత్రం పుట్టింది గాని గడప దాటలేదు.

గడప దాటవలసి వచ్చినప్పటి సమస్యకు ఒక సమాధానం హైదరాబాదులో దొరుకుతుంది. మీరట్ సమీపంలోని సర్ధనాలో 1844లో పుట్టిన లాలా దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో ఉద్యోగం చేసి, 1880ల మధ్యలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యాడు. సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. నిజాం ఆయనకు 'ముసవ్విర్ జంగ్' బిరుదు ఇచ్చాడు. 1892లో ఆయన హైదరాబాదులో స్త్రీల కోసమే ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. దాని నిర్వహణను శ్రీమతి కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించాడు. పరపురుషుల కంట పడకుండా ఎత్తైన గోడల నడుమ ఆ స్టూడియో పనిచేసింది.

ఈ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచనను వివరంగా చూడాలి. పరదా స్త్రీని చిత్రించడంలో రెండు వేర్వేరు చూపులు ఉన్నాయి. మొదటిది తీసే క్షణంలో కెమెరా వెనుకనున్న వ్యక్తి చూపు. రెండవది ఆ తర్వాత ముద్రిత చిత్రాన్ని చేతబట్టుకునే వ్యక్తుల చూపు. జనానా స్టూడియో మొదటి చూపును స్త్రీకి అప్పగించి సమస్యను పరిష్కరించింది. రెండవ చూపును అదుపు చేయడం ఏ స్టూడియోకూ సాధ్యం కాదు. ప్రతి ఎవరి చేతికి వెళ్తుందన్నది తీయించిన కుటుంబం ఇష్టం మీద ఆధారపడి ఉంటుంది. చిత్రంలోని స్త్రీకి తన ప్రతిబింబం మీద ఉండే అధికారం అనే ప్రశ్న ఇక్కడే మొదలైంది. తర్వాతి శతాబ్దమంతా అది వధూచిత్రం వెంట నడిచింది.

కలకత్తాలోనూ ఇలాంటి అవసరమే స్త్రీలను ఛాయాగ్రహణ వృత్తిలోకి తెచ్చింది. 19వ శతాబ్ది చివర సరోజినీ ఘోష్ మహిళా ఆర్ట్ స్టూడియో నడిపింది. 20వ శతాబ్ది తొలి దశకాల్లో అన్నపూర్ణా దత్తా ఇళ్లకు వెళ్లి పరదాలో ఉండే స్త్రీలను చిత్రిస్తూ జీవనోపాధి పొందింది. నేడు వివాహ ఛాయాగ్రహణంలో కనిపించే మహిళలకు ఈ వృత్తిలో ఇంత వెనుకటి పూర్వచరిత్ర ఉందన్నది మరవరాదు.

3. రంగులు చూడలేని ఫలకం

పాత వధూచిత్రాలను చదివేవారికి సాంకేతిక జ్ఞానం కొంత అవసరం. 1851 నుంచి వాడుకలోకి వచ్చిన తడి కొలోడియన్ ఫలకం నీలికాంతికి మాత్రమే బాగా స్పందిస్తుంది. ఎరుపును దాదాపు చూడదు. పసుపునూ ఆకుపచ్చనూ అంతంతమాత్రంగానే చూస్తుంది. 1880ల నాటికి వ్యాపించిన పొడి జెలటిన్ ఫలకాలు కూడా మొదట్లో ఇదే స్వభావం గలవి. ఆ తర్వాత వచ్చిన ఆర్థోక్రొమాటిక్ ఫలకాలు ఆకుపచ్చను గుర్తించాయి గాని ఎరుపు వాటికీ చీకటే. అన్ని రంగులనూ గుర్తించే పాంక్రొమాటిక్ ఫలకాలు 20వ శతాబ్ది తొలి దశకంలో అమ్మకానికి వచ్చినా, చిన్న స్టూడియోలు చాలాకాలం పాత రకంతోనే పని జరుపుకున్నాయి. ఎర్రదీపం వెలుతురులో నెగటివును కంటితో చూసుకుంటూ కడగగల సౌలభ్యం అందుకొక కారణం.

ఇప్పుడు తెలుగు పెళ్లికూతుర్ని ఆ ఫలకం ముందు కూర్చోబెట్టి చూద్దాం. ముఖానికి పసుపు, నుదుట కుంకుమ, పాదాలకు పారాణి, ఒంటి మీద ఎర్ర అంచు తెల్లచీర. మంగళప్రదమైన ప్రతి రంగునూ ఆ ఫలకం నలుపుగా మారుస్తుంది. పసుపు రాసిన ముఖం సహజవర్ణం కన్నా ముదురుగా పడుతుంది. కుంకుమబొట్టు నల్లచుక్క అవుతుంది. మధుపర్కం చీరలో తెల్లని నేత ధగధగా మెరుస్తుంటే ఎర్రంచు నల్లగా కనిపిస్తుంది. కాబట్టి పాత చిత్రంలోని నల్లని బొట్టును చూసి ఆ కుటుంబ ఆచారాన్ని గురించి, ముదురు ముఖాన్ని చూసి ఆ స్త్రీ మేనిఛాయను గురించి నిర్ణయాలు చేయడం పొరపాటు.

ఈ లోపాన్ని స్టూడియోలు రెండు విధాలుగా సరిదిద్దాయి. మొదటిది రీటచింగ్. నెగటివు మీద ముఖభాగంలో సన్నని పెన్సిలుతో గీస్తే అక్కడ కాంతి తక్కువగా దిగుతుంది, ముద్రణలో ముఖం తెల్లబడుతుంది. రెండవది చేతిరంగులు. నలుపు తెలుపు ప్రతి మీద చీరకు ఎరుపు, నగలకు బంగారువన్నె, బుగ్గలకు గులాబీ అద్దేవారు. సాంకేతిక లోపాన్ని సవరించడానికి వచ్చిన పెన్సిలు క్రమంగా మేనిఛాయను సవరించే పనిముట్టు అయింది. వధువు ముఖాన్ని తెల్లబరచడం నేటి కంప్యూటరు సాఫ్ట్‌వేరుతో పుట్టలేదు. దానికి గాజుపలకల కాలం నాటి వేళ్లున్నాయి.

4. సంబంధం ఫోటో

వధూచిత్రానికి ముందు రూపం 'సంబంధం ఫోటో'. రైలుమార్గాలు, తపాలా, దూరప్రాంతపు ఉద్యోగాలు పెరిగేకొద్దీ వరుడి కుటుంబం ఒక ఊళ్లో, వధువు కుటుంబం మరొక ఊళ్లో ఉండి సంబంధాలు కలుపుకోవలసిన పరిస్థితి వచ్చింది. జాతకంతో పాటు ఫోటో కూడా కవరులో ప్రయాణం చేసింది. పెళ్లిచూపుల్లో జరిగే పరీక్షలో మొదటి భాగం ఇలా ఫోటోకు బదిలీ అయింది.

సంబంధం ఫోటోకు తనదైన వ్యాకరణం ఉంది. నిలువెత్తు చిత్రం ఎత్తును, శరీర దారుఢ్యాన్ని తెలుపుతుంది. పక్కనే ఉన్న బల్ల లేదా కుర్చీ ఆ ఎత్తుకు కొలబద్ద. భుజం మీదుగా ముందుకు వేసిన జడ జుట్టు పొడవును చూపుతుంది. చేతిలోని పుస్తకం చదువుకు గుర్తు. వీటన్నింటినీ చూసేది అవతలి ఇంటివారు. చిత్రంలోని అమ్మాయికి అవతలివారి ఫోటో చూసే అవకాశం ఉండవచ్చు, లేకపోవచ్చు. సంబంధం కుదరకపోతే ఫోటో తిరిగి రావాలి. తిరిగి పంపమని అడగడం, పంపకుండా ఉంచుకోవడం మర్యాదకు సంబంధించిన విషయాలయ్యాయి. ఆడపిల్ల ఫోటో పరుల చేతుల్లో ఉండకూడదన్న ఆందోళనలో, పూర్వపు పరదా సమస్యలోని రెండవ చూపు మరో రూపంలో తిరిగి కనిపిస్తుంది.

ఈ సందర్భంలో వయస్సు అంశాన్ని విస్మరించలేం. 1929లో ఆమోదం పొంది 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైన శారదా చట్టం ఆడపిల్ల కనీస వివాహవయస్సును 14 ఏళ్లుగా నిర్ణయించింది. 1949లో అది 15కు, 1978లో 18కి పెరిగింది. అంటే 20వ శతాబ్ది పూర్వార్ధంలోని 'పెళ్లికూతురి ఫోటో'ల్లో చాలావాటిలో ఉన్నది నిజానికి బాలిక. భారమైన నగల మధ్య, నేలకు ఆనని కాళ్లతో కుర్చీలో కూర్చున్న ఆ చిన్నపిల్లల చిత్రాలు వీరేశలింగం, గురజాడ ఎదుర్కొన్న సమస్యకు దృశ్యరూప ఆధారాలు. సంఘసంస్కరణ చరిత్రను గ్రంథాల నుంచే రాస్తూ వచ్చిన మనం ఈ ఆధారాలను ఇంకా తగినంతగా వినియోగించుకోలేదు. భర్త మరణిస్తే శిరోముండనం పాలయ్యే కుటుంబాల్లో, ఆ బాలిక జుట్టుతో, పూలతో కనిపించే చిత్రం ఆ ఒక్కటే కావచ్చునన్న ఊహ ఆ ఫోటో విలువను మరింత బరువెక్కిస్తుంది.

5. పూలజడ ఫోటో

దక్షిణాది స్టూడియోలు వధూచిత్రానికి చేర్చిన విశిష్టరూపం పూలజడ ఫోటో. 20వ శతాబ్ది మధ్యభాగం నాటికి ఆంధ్ర, తమిళ ప్రాంతాల్లో ఇది స్థిరపడిన రీతి. అమ్మాయిని కెమెరాకు కొంచెం ఓరగా కూర్చోబెడతారు. వెనుక నిలువుటద్దం ఏటవాలుగా నిలబెడతారు. ముఖం నేరుగా కెమెరాకు, పూలజడ అద్దంలోనుంచి కెమెరాకు కనిపిస్తాయి. ఒకే చిత్రంలో మనిషి ముందు భాగమూ వెనుక భాగమూ ఇమిడిపోతాయి.

చూడడానికి తేలికగా తోచే ఈ చిత్రం తీయడం కష్టమైన పని. అద్దం కోణం కొంచెం తప్పినా అందులో కెమెరా, దాని వెనుక మనిషి ప్రత్యక్షమవుతారు. కటకానికి ముఖం ఒక దూరంలో ఉంటే, అద్దంలోని జడ అంతకన్నా ఎక్కువ దూరంలో ఉన్నట్టు లెక్క. కెమెరా నుంచి అద్దానికి, అద్దం నుంచి జడకు ఉన్న దూరాలు రెండూ కలిపి ఫోకస్ చూసుకోవాలి. రెండూ స్పష్టంగా రావాలంటే కటకపు రంధ్రాన్ని బాగా తగ్గించాలి. తగ్గిస్తే కాంతి చాలదు, ఎక్కువసేపు కదలకుండా కూర్చోవాలి. బరువైన జడతో, నగలతో కదలకుండా కూర్చున్న ఆ ముఖాల్లోని బిగువును సిగ్గుగానో భయంగానో అన్వయించే ముందు ఈ శారీరక శ్రమను గుర్తుంచుకోవాలి.

జడనే ఎందుకు చూపాలి? దీనికి సంస్కృతిలో సమాధానాలు ఉన్నాయి. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెర వెనుకనుంచి జడను తెర మీద వేసి ప్రవేశిస్తుంది. ఆ జడ ఆమె ఆత్మాభిమానానికీ సవాలుకూ సంకేతం. జడకుప్పెలు, నాగారం వంటి ఆభరణాలు వెనుకనుంచి చూసేవారి కోసం చేసినవే. పూలజడ మరీ క్షణికమైనది. మల్లెమొగ్గలు, కనకాంబరాలు, మరువం వరుసలుగా కుట్టి తయారుచేసిన ఆ అలంకారం సాయంత్రానికి విచ్చుకుని మర్నాటికి వాడిపోతుంది. దానికోసం గంటలకొద్దీ శ్రమించిన చేతులకు మిగిలే గుర్తు ఫోటో ఒక్కటే. పైగా జడ ధరించిన మనిషి తన జడను తాను చూసుకోలేదు. ఫోటో చేతికొచ్చాకనే ఆమెకు తన వెనుకరూపం కనిపించింది. సంబంధం ఫోటో పూర్తిగా పరుల చూపు కోసం పుడితే, పూలజడ ఫోటోలో ఆమె చూపుకు కూడా కొంత చోటు దొరికింది.

అద్దం చేత ధరించిన స్త్రీమూర్తి భారతీయ శిల్పంలో పాతదే. బేలూరు చెన్నకేశవాలయంలోని దర్పణసుందరి అందరికీ పరిచితమే. అయితే స్టూడియో ఛాయాగ్రాహకుడు శిల్పాన్ని అనుకరించాడని చెప్పడానికి ఈ పోలిక చాలదు. అద్దం పనితీరు కూడా రెండుచోట్లా వేరు. దర్పణసుందరి అద్దంలో తన ముఖం చూసుకుంటుంది. పూలజడ ఫోటోలో అమ్మాయి అద్దానికి వీపు పెట్టి కూర్చుంటుంది. దక్కనీ ముస్లిం వివాహాల్లోని 'ఆర్సీ ముస్హఫ్' వేడుకలో మూడోరకం అద్దం ఉంది. నిఖా తర్వాత వధూవరులు అద్దంలోనే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఒకే నేలమీద ఒకే వస్తువు మూడు రకాల చూపులకు మాధ్యమం కావడం తులనాత్మక అధ్యయనానికి తగిన అంశం.

పరిశోధకులు జాగ్రత్తగా ఉండవలసిన చోటు ఒకటుంది. పూలజడ ఫోటోలన్నీ వధూచిత్రాలు కావు. రజస్వల అయినప్పుడూ, పెళ్లిలోనూ, సీమంతంలోనూ పూలజడ వేసి ఫోటో తీయించే ఆచారం ఉంది. ఈ మూడింటినీ వేరుచేయడానికి చిత్రంలోని గుర్తులే ఆధారం. లంగావోణీ ఉండి మంగళసూత్రం లేకపోతే మొదటి సందర్భం కావచ్చు. బాసికం, పారాణి, బుగ్గచుక్క ఉంటే పెళ్లి. మంగళసూత్రం, మెట్టెలు, చేతినిండా గాజులు ఉంటే సీమంతం వైపు మొగ్గవచ్చు. చిత్రం వెనుకనున్న స్టూడియో ముద్ర, పెన్సిలుతో వేసిన తేదీ, కుటుంబంలోని పెద్దల మాట ఈ మూడూ కలిసినప్పుడే నిర్ధారణ సాధ్యం.

ఈ చిత్రాల నిల్వచోటు కూడా అర్థవంతమే. దంపతుల ఫోటో తరచుగా మెట్టినింటి గోడనెక్కితే, పూలజడ ఫోటో పుట్టింట్లోనే ఉండిపోయింది. అమ్మాయి వెళ్లిపోయిన ఇంట్లో ఆమెకు బదులుగా మిగిలింది ఆ పటం. ఈ దృష్టితో చూస్తే వధూచిత్రం వివాహానికి కాక, వీడ్కోలుకు గుర్తు.

అయితే ఈ చరిత్ర అందరిదీ కాదు. పట్నం వెళ్లి స్టూడియోలో కూర్చునే స్తోమత, పూలజడకు పెట్టగల ఖర్చు కొన్ని కులాలకూ వర్గాలకే చాలాకాలం పరిమితం. అరువు నగలతో, స్టూడియోలోని కాగితపు పూలతో దిగిన చిత్రాలు కూడా ఆ పరిమితి ఎదురైనవారి ఆకాంక్షకు ఆధారాలే. తెల్లచీర, తలపై వలముసుగు, చేతిలో పూలగుత్తితో నిలబడిన తెలుగు క్రైస్తవ వధువు చిత్రానికి, ఖడా దుపట్టా ధరించిన హైదరాబాదీ వధువు చిత్రానికి వేరే అలంకార వ్యాకరణాలు ఉన్నాయి. పూలజడ ఒక్కటే తెలుగు వధూచిత్రమని సాధారణీకరించడం చరిత్రకు న్యాయం చేయదు.

6. స్టూడియో నుంచి మండపానికి, మండపం నుంచి తోటలోకి

చిన్న కెమెరాలు, ఫ్లాష్, చుట్టఫిల్ము వచ్చాక ఛాయాగ్రాహకుడే పెళ్లింటికి వచ్చాడు. 1960లో ఉదకమండలంలో ఏర్పడిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థ 'ఇందు' పేరుతో దేశీయ ఫిల్మును అందించింది. 1980ల్లో రంగుల ఫిల్ము, రంగుల ల్యాబులు పట్టణాలకు విస్తరించడంతో పసుపు కుంకుమలు తొలిసారి తమ అసలు రంగుల్లో కనిపించాయి. పెళ్లి ఆల్బమ్ తంతుల వరుసను అనుసరించే కథనమయింది.

ఆ కథనంలో వధువు ఒంటరిగా కనిపించే చోటు ఎక్కడ? స్నాతకం, కాశీయాత్ర వరుడివి. జీలకర్రబెల్లం, మంగళసూత్రధారణ, తలంబ్రాలు ఇద్దరివి. కన్యాదానం తల్లిదండ్రులది. గౌరీపూజ ఒక్కటే వధువుది. ముహూర్తానికి ముందు ఆమె విడిగా కూర్చుని గౌరిని అర్చిస్తుంది. ఆ తర్వాత చాలా కుటుంబాల్లో మేనమామ బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తీసుకువస్తాడు. తెలుగు ఆల్బమ్‌లలో వధువు ఒంటరి చిత్రాలు గౌరీపూజ చుట్టూ పోగుపడడానికి ఇదే కారణం. తంతు ఇచ్చిన ఆ చిన్న ఏకాంతాన్ని కెమెరా పెద్దది చేసింది.

అదే కాలంలో చలనచిత్రం, బొమ్మల కళ వధువు ఆదర్శరూపాన్ని ప్రచారం చేశాయి. అంతకు ముందే రవివర్మ 1893లో షికాగో ప్రదర్శనకు పంపిన పది చిత్రాల్లో వధువును అలంకరించే దృశ్యం ఒకటి. తెలుగునాట బాపు రేఖల్లోని పొడవైన జడ, పెద్ద కళ్లు, ఆయన చిత్రం 'పెళ్లిపుస్తకం' (1991)లోని పెళ్లి దృశ్యాలు పెళ్లికూతురు ఎలా కనిపించాలన్న ఊహను తీర్చిదిద్దాయి. ఛాయాగ్రాహకుడు చెప్పే భంగిమకు, వధువు మనసులో ఉన్న భంగిమకు మూలం ఒకటే అయింది.

2000ల తర్వాత డిజిటల్ కెమెరా మరో మార్పు తెచ్చింది. ఫిల్ము ఖర్చు లేకపోవడంతో ఒకే అలంకారాన్ని వందలసార్లు తీయగలిగారు. వధువు చిత్రాల కోసమే తోటలోనో, పాతకోటలోనో, హోటలు గదిలోనో ప్రత్యేక సమయం కేటాయించడం మొదలైంది. ముత్తైదువుల చేతి అలంకారం స్థానంలో వృత్తి అలంకరణకర్తలు వచ్చారు. పూలజడ సిద్ధవస్తువుగా దుకాణంలో దొరుకుతోంది. వధువు నవ్వుతుంది, నడుస్తుంది, కటకం వైపు ధీమాగా చూస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఉద్యోగం చేస్తున్న వధువు చాలాసార్లు ఛాయాగ్రాహకుణ్ణి తానే ఎంచుకుంటోంది, ఖర్చు తానే భరిస్తోంది. తీయించేవారు, దిగేవారు ఒకరే కావడం ఈ చరిత్రలో పెద్ద మలుపు.

దీన్ని స్వేచ్ఛగా మాత్రమే చూడడం తొందరపాటు. తానే ఎంచుకున్న భంగిమ తెరమీద అంతకు ముందు చూసిన వందల చిత్రాల నకలు కావచ్చు. ముఖాన్ని తెల్లబరిచే సాఫ్ట్‌వేరు పాత పెన్సిలు పనినే కొనసాగిస్తోంది. చిత్రం సామాజిక మాధ్యమంలోకి వెళ్లిన మరుక్షణం రెండవ చూపు మీద అదుపు పూర్తిగా పోతుంది. జనానా స్టూడియో గోడలు ఎత్తుగా కట్టడం వెనుకనున్న ప్రశ్న తీరలేదు, విస్తరించింది.

7. ఈ చిత్రం ఎవరిది?

చట్టం ఈ ప్రశ్నకు ఒక సమాధానం ఇచ్చింది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షను ప్రకారం, ప్రతిఫలం చెల్లించి ఎవరి కోరిక మేరకు ఫోటో తీయించారో, వేరే ఒప్పందం లేనప్పుడు, వారే దానికి మొదటి హక్కుదారు. అంటే హక్కు తీసినవారిది కాదు, దిగినవారిది కూడా కాదు, తీయించినవారిది. వ్యాసారంభంలో చెప్పుకున్న మూడు క్రియల భేదం చట్టంలోనూ ఉందన్నమాట. తండ్రి డబ్బు చెల్లించిన ఫోటోలో కుమార్తె ముఖం ఉన్నా హక్కు తండ్రిదే. వధువే చెల్లించినప్పుడు ముఖమూ హక్కూ ఒకరివవుతాయి.

సాక్ష్యపు విలువ విషయంలోనూ తేడా ఉంది. వివాహ నమోదు కోసం, విదేశంలోని జీవితభాగస్వామి వద్దకు వెళ్లే వీసా కోసం అడిగేది దంపతుల ఫోటో. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది అనుభవంలోని విషయమే. వధువు ఒంటరి చిత్రంతో ఏ కార్యాలయానికీ పనిలేదు. అయినా అది ఒక సందర్భంలో బహిరంగంగా కనిపిస్తుంది. వరకట్న మరణాల వార్తల్లో పత్రికలు ముద్రించే చిత్రం తరచుగా ఆమె పెళ్లినాటి చిత్రమే. 1961లో వరకట్న నిషేధచట్టం, 1986లో వరకట్న మరణాన్ని ప్రత్యేక నేరంగా గుర్తించిన 304-బి సెక్షను వచ్చాక కూడా ఆ చిత్రాలు ఆగలేదు. పుట్టింటివారు ఆశతో తీయించి దాచుకున్న పటమే వారి చేతుల్లో ఫిర్యాదుపత్రం అవుతుంది. చిత్రంలోని నగలు అప్పుడు అలంకారంగా కాక, ఇచ్చిన కట్నానికి లెక్కగా చదవవలసి వస్తుంది.

ఈ ఆధారాల పరిరక్షణ అత్యవసరం. దీన్‌దయాళ్ గాజుపలకల్లో పెద్దభాగం ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరింది. తమిళ ప్రాంతపు స్టూడియో చిత్రాల సంరక్షణను పుదుచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధన సంస్థ బ్రిటిష్ లైబ్రరీ సహాయంతో చేపట్టింది. భారతీయ ఛాయాగ్రహణ చరిత్రపై జి. థామస్ రాసిన గ్రంథాన్ని 1981లో ప్రచురించింది ఆంధ్రప్రదేశ్‌లోని ఫోటోగ్రఫీ అకాడమీయే. అంత ముందుచూపు ఉన్న చోట చిన్నపట్టణాల స్టూడియో నెగటివులు మూతపడిన దుకాణాలతో పాటు చెత్తలో కలిసిపోకూడదు. రాజుల చిత్రాలు భద్రంగానే ఉన్నాయి. ప్రమాదంలో ఉన్నవి గుమాస్తాల, రైతుల, ఉపాధ్యాయుల కూతుళ్ల చిత్రాలు.

8. ముగింపు

పై చర్చ వల్ల తేలిన అంశాలు ఇవి:

1. వధూచిత్రం తీయడంలో, చూడడంలో రెండు వేర్వేరు చూపులు పనిచేస్తాయి. జనానా స్టూడియో మొదటిదాన్ని మాత్రమే పరిష్కరించింది. రెండవది నేటి సామాజిక మాధ్యమాల్లోనూ సమస్యగానే ఉంది.

2. 20వ శతాబ్ది పూర్వార్ధం వరకు ఉన్న వధూచిత్రాల్లోని రంగులను, ముఖవర్ణాన్ని అప్పటి ఫలకాల స్వభావాన్ని బట్టి అర్థం చేసుకోవాలి. వధువును తెల్లగా చూపే అలవాటు రీటచింగ్ కాలం నాటిది.

3. సంబంధం ఫోటో పరుల పరీక్ష కోసం పుట్టింది. పూలజడ ఫోటో అలంకారాన్ని, పుట్టింటి జ్ఞాపకాన్ని నిలిపింది. అమ్మాయి చూపుకు అది కొంత చోటిచ్చింది.

4. తెలుగు పెళ్లితంతులో గౌరీపూజ వధువుకు ఇచ్చిన ఏకాంతమే మండపంలోని వధూచిత్రానికి ఆధారమైంది.

5. తీయించేవారు, దిగేవారు ఒకరే కావడం డిజిటల్ కాలపు ముఖ్యమైన మార్పు. అది వధువు హక్కును పెంచింది, అనుకరణ ఒత్తిడిని తొలగించలేదు.

విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర శాఖల విద్యార్థులు తమ తమ పట్టణాల్లోని ఒక్కొక్క పాత స్టూడియోను ఎంచుకుని, యజమానుల అనుమతితో నెగటివులను డిజిటల్ రూపంలో భద్రపరచి, చిత్రాల్లోని స్త్రీల కుటుంబాల నుంచి మౌఖిక చరిత్రను సేకరించగలిగితే ఈ అధ్యయనానికి గట్టి పునాది ఏర్పడుతుంది. పేరు లేని చిత్రానికి పేరు చేర్చడం అందులో మొదటి పని. చిత్రాన్ని గుర్తుపట్టగల పెద్దవారు జీవించి ఉన్న ఈ కొద్దికాలంలోనే అది జరగాలి.